విన్నది చెప్పండి, విననిది అడగండి



మీ ఇంట్లో ఈ రేడియో సౌండు ఎవరు పెంచారు? పెంచినవాళ్లని చూసి ఎవరైనా విసుక్కున్నారా? ఒకరు పెంచడం, ఇంకొకరు వచ్చి తగ్గించడం. ఇలాంటి ఇళ్లు మన చుట్టూ చాలా ఉన్నాయి. ఈ పూట నా మాటలు ఆ ఇద్దరి కోసమూను. పెంచేవాళ్ల కోసం, తగ్గించేవాళ్ల కోసం.

వినికిడి తగ్గినవాళ్లు ఇంట్లోనూ, పనిలోనూ ఎలా నెగ్గుకురావాలి? అదీ ఈనాటి విషయం. నా చెవులకీ మిషన్లున్నాయి. వాటితోనే ఈ మైకు ముందు కూర్చున్నాను. కాబట్టి చదివి తెలుసుకున్నది కొంత, రోజూ అనుభవంలో ఉన్నది కొంత కలిపి చెబుతాను. కానీ మీరు గుర్తుపెట్టుకోవలసింది ఒక్కటే. ముందే చెప్పేస్తున్నాను. విన్నది చెప్పండి, విననిది అడగండి. ఈ మాట మళ్లీ మళ్లీ చెబుతాను. ఎందుకు చెబుతున్నానో కూడా వివరిస్తాను.

ముందు ఒక లెక్క. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో వినికిడి మీద ఒక పెద్ద నివేదిక వేసింది. 2050 నాటికి ప్రపంచంలో సుమారు 250 కోట్ల మందికి ఎంతో కొంత వినికిడి లోపం ఉంటుందని అందులో అంచనా వేశారు. అంటే నలుగురిలో ఒకరు. మీ ఇంట్లో నలుగురున్నారనుకోండి. ఆ ఒక్కరు ఎవరో మీరే చెప్పుకోవచ్చు. ఇది ఎవరో దురదృష్టవంతులకి వచ్చే జబ్బేం కాదు. వయసుతో పాటు చాలామందికి వచ్చేదే. పెద్ద చప్పుళ్ల మధ్య పనిచేసేవాళ్లకి ఇంకా ముందే వస్తుంది. సిరిసిల్ల మరమగ్గాల దగ్గర, రైసు మిల్లుల్లో, రాయి కోసే చోట పనిచేసేవాళ్లకి ఈ సంగతి ఒకరు చెప్పక్కర్లేదు.

సరే, వినికిడి తగ్గడమంటే ఏమిటి? చాలామంది ఏమనుకుంటారంటే, లోకంలో చప్పుళ్లన్నీ ఒకేసారి చిన్నవైపోతాయని. అందుకే, గట్టిగా అరిస్తే సరిపోతుందని అనుకుంటారు. అసలు సంగతి అది కాదు.

మన లోపలి చెవిలో నత్తగుల్ల ఆకారంలో ఒక చిన్న భాగం ఉంది. అందులో వెంట్రుకల్లాంటి కొసలున్న కణాలుంటాయి. ఒక్కో చెవిలో సుమారు 15 వేలు. వాటిలో ఒక్కో వరసది ఒక్కో స్థాయి. ద్వారం దగ్గరున్నవి సన్నని శబ్దాలని పట్టుకుంటాయి. లోపలికి వెళ్లే కొద్దీ ఉన్నవి బొంగురు శబ్దాలని పట్టుకుంటాయి. వయసు మీద పడితే, లేదా ఏళ్ల తరబడి మోత వింటే, ముందు పాడయ్యేవి ఆ ద్వారం దగ్గరివే. పోయినవి మళ్లీ పుట్టవు.

ఇప్పుడు దీన్ని మన మాటల్లో పెట్టి చూద్దాం. అ, ఆ, ఉ, ఓ లాంటి అచ్చులు బలమైన శబ్దాలు. అవి చెవికి బాగానే అందుతాయి. స, శ, చ, త, క లాంటి హల్లులు సన్నగా, బలహీనంగా ఉంటాయి. ముందు జారిపోయేవి అవే. ఒక మాటకీ ఇంకో మాటకీ తేడా చూపించేది ఎక్కువగా ఆ హల్లులే.

వినండి. పాలు. కాలు. చాలు. తాలు. నాలుగు మాటలకీ తేడా మొదటి హల్లులోనే ఉంది. ఆ ఒక్క హల్లు జారిపోతే మిగిలేది ‘ఆలు’. కోడలు వంటింట్లోంచి, “మామయ్యగారూ, పాలు కాగాయి” అంటుంది. ఆయన కంగారుగా లేచి, “కాలు కాలిందా? బర్నాలు రాయమ్మా” అంటాడు. అందరూ నవ్వుతారు. ఆయన కూడా నవ్వుతాడు, కానీ మనసులో చిన్నబోతాడు. సంచి తెమ్మంటే పంచె తెచ్చిన పెద్దమనిషిని చూసి, “ఈయనకి చాదస్తం పెరిగింది” అంటారు. చాదస్తమేం కాదు. ఆయనకి గొంతు వినబడింది. మాట అందలేదు.

ఇక్కడే తరచు వినే ఒక ఫిర్యాదు ఉంది. “నాకు వినబడుతుంది. మీరే సరిగ్గా మాట్లాడటం లేదు. అందరూ గొణుగుతున్నారు.” ఇంట్లోవాళ్లకి ఇది మొండితనంలా ఉంటుంది. నిజానికి ఆ మనిషి తనకి ఉన్నది ఉన్నట్టే చెబుతున్నాడు. అచ్చులు వినబడుతున్నాయి, హల్లులు రావడం లేదు. కాబట్టి ఆయనకి అందరూ గొణుగుతున్నట్టే ఉంటుంది.

మరి గట్టిగా అరిస్తే? చెదలు తిన్న పుస్తకాన్ని భూతద్దంతో చదవబోతే ఏమవుతుంది? ఉన్న అక్షరాలు పెద్దవవుతాయి. చిల్లులూ పెద్దవవుతాయి. పోయిన అక్షరం మాత్రం రాదు. అరిచినప్పుడు జరిగేదీ అదే. అరిస్తే అచ్చులు బలపడతాయి. హల్లులు అంతగా బలపడవు. పైగా అరిచే మనిషి ముఖం కోపంగా మారుతుంది. పెదవుల కదలిక వంకర పోతుంది. వినేవాడికి మాట అందదు, తిట్టు మాత్రం అందుతుంది.

ఇంకో చిక్కు కూడా ఉంది. వినికిడి తగ్గిన చెవి చిన్న శబ్దాన్ని పట్టుకోలేదు. పెద్ద శబ్దాన్ని భరించలేదు. అందుకే తాతయ్య ముందు, “ఏంటీ?” అంటాడు. మనవడు గొంతు పెంచితే, “ఎందుకురా అరుస్తావు, నాకేం చెవుడా?” అంటాడు. రెండూ నిజమే. రెండిటి మధ్య ఆ చెవికి మిగిలిన జాగా చాలా తక్కువ.

సరే, కారణం తెలిసింది. ఇప్పుడు మన అసలు మాటకి వద్దాం. విన్నది చెప్పండి, విననిది అడగండి.

వినికిడి తగ్గినవాళ్లకి ఒక అలవాటు వస్తుంది. ఊ కొట్టడం. ఎదుటివాళ్లు చెప్పింది అర్థం కాదు. మళ్లీ అడగడానికి మొహమాటం. నలుగురిలో చిన్నతనం. అందుకని తల ఊపుతారు. అందరూ నవ్వితే తామూ నవ్వుతారు. ఇలా ఆ పూట గడిచిపోతుంది. కానీ ఊ కొట్టిన మాటకి తర్వాత జవాబు చెప్పుకోవాలి కదా? డాక్టరు మాత్ర పొద్దున వేసుకోమన్నారా, రాత్రి వేసుకోమన్నారా? వియ్యంకుడు ముహూర్తం పదిహేనో తారీకు అన్నాడా, పదిహేడో తారీకు అన్నాడా? ఊ అన్నాక, “నాకు చెప్పలేదు” అనడానికి ఉండదు. రెండు మూడుసార్లు ఇలా జరిగితే, “ఆయనకి చెప్పినా ఒకటే, చెప్పకపోయినా ఒకటే” అన్న పేరు వస్తుంది. ఆ తర్వాత అసలు చెప్పడమే మానేస్తారు. వినికిడి లోపం కన్నా ఆ పేరు ఎక్కువ నష్టం చేస్తుంది.

ఊ కొట్టనివాళ్లు చేసే పని ఇంకొకటి ఉంది. “ఏంటీ?” అని అడగడం. “ఆఁ?” అనడం. ఇది ఊ కొట్టడం కన్నా నయమే. కానీ దీంతోనూ ఇబ్బంది ఉంది. “ఏంటీ” అంటే ఎదుటి మనిషికి ఏం తెలుస్తుంది? మొత్తం పోయిందో, ఒక్క మాటే పోయిందో తెలియదు. అందుకని చెప్పిందంతా అలాగే, ఇంకొంచెం గట్టిగా చెబుతాడు. పోయిన మాట మళ్లీ అక్కడే పోతుంది. మళ్లీ “ఏంటీ”. మూడోసారికి ఓపిక అయిపోతుంది. అప్పుడు వస్తుంది ఆ మాట. “ఏం లేదులే.” చెవి సరిగా లేనివాళ్లని అడగండి. తిట్టినా బాధ లేదంటారు. ఈ “ఏం లేదులే” అన్న మాట మాత్రం గుండెలో గుచ్చుకుంటుందంటారు.

మరి ఎలా అడగాలి? ఒక ఉదాహరణ చెబుతాను. కొడుకు హైదరాబాదు నుంచి ఫోను చేశాడు. “అమ్మా, శుక్రవారం గోదావరి ఎక్స్‌ప్రెస్‌లో బయల్దేరుతున్నా, శనివారం పొద్దున తునిలో దిగుతా, సామాను ఎక్కువ ఉంది, ఆటో మాట్లాడి ఉంచు” అన్నాడు. అమ్మకి శుక్రవారం వినబడింది. తుని వినబడింది. ఆటో వినబడింది. మధ్యలోవి జారిపోయాయి. ఆవిడ “ఏంటీ?” అనలేదు. “శుక్రవారం బయల్దేరుతున్నావు, తునిలో దిగుతావు, ఆటో చెప్పమన్నావు. దిగేది ఎప్పుడు?” అంది. కొడుకు ఒక్క మాట చెప్పాడు. “శనివారం పొద్దున.” అయిపోయింది.

చూశారా, ఆవిడ ఏం చేసింది? విన్నది చెప్పింది. విననిది అడిగింది. దీనివల్ల మూడు లాభాలున్నాయి. ఆవిడ శ్రద్ధగా వింటోందని కొడుక్కి తెలిసింది. పోయిన ముక్క ఏదో తెలిసింది కాబట్టి అదొక్కటే చెప్పాడు. ఒకవేళ ఆవిడ తప్పుగా వింటే, తిరిగి చెప్పినప్పుడు ఆ తప్పు అక్కడికక్కడే బయటపడేది. ఇది మొహమాటపడవలసిన పని కాదు. చెవులు బాగున్న టెలిఫోను ఆపరేటర్లు, విమానాలు నడిపే పైలట్లు కూడా విన్నదాన్ని తిరిగి చెప్పి ఖాయం చేసుకుంటారు. వాళ్ల వృత్తిలో అది నియమం.

అంకెల దగ్గర ఈ పద్ధతి ఇంకా అవసరం. మన భాషలో అంకెలు చెవిని తికమకపెడతాయి. పదిహేను, పదిహేడు. ఇరవై, అరవై. డెబ్బై, తొంభై. కొట్టులో ఫ్యాను తిరుగుతుంటే, బయట లారీ పోతుంటే, ఇరవై కాస్తా అరవై అవుతుంది. కిరాణా కొట్టు నడిపేవాళ్లకి అది నేరుగా డబ్బు నష్టం. అందుకని అంకెని విడదీసి తిరిగి చెప్పండి. “ఇరవై అన్నారా? రెండు, సున్నా?” అనండి. “పదిహేడు అంటే ఒకటి, ఏడు కదా?” అనండి. లేదా కాగితం మీద రాసి చూపించండి. డాక్టరు దగ్గర, బ్యాంకులో, రిజిస్ట్రేషను ఆఫీసులో రాయించుకోవడమే మంచిది. రాయమని అడగడం మీ హక్కు.

ఇప్పటిదాకా చెప్పింది వినేవాళ్ల పని. ఇప్పుడు చెప్పేవాళ్ల పని చూద్దాం. రేడియో సౌండు తగ్గించేవాళ్లు ఇటు చెవి పెట్టండి.

మొదటిది, దగ్గరికి రండి. మాట్లాడే మనిషికీ వినే మనిషికీ మధ్య దూరం సగమైతే, శబ్దాన్ని కొలిచే లెక్కలో మాట సుమారు 6 డెసిబెల్స్ బలపడుతుంది. గోడలున్న గదిలో అంతకన్నా కొంచెం తక్కువ. గొంతు చించుకోకుండానే వచ్చే లాభం ఇది. వంటింట్లోంచి వసారాలోకి కేకలు వేసే బదులు నాలుగడుగులు నడిచి రావడం మేలు.

రెండోది, ఎదురుగా నిలబడండి. మనం చెవులతోనే కాదు, కళ్లతోనూ వింటాం. పెదవుల కదలిక, ముఖంలో భావం, చెయ్యి ఊపడం, ఇవన్నీ మాటకి సాయం చేస్తాయి. అయితే ఒక్క పెదవులనే నమ్ముకుంటే కుదరదు. పాట, బాట, మాట. అద్దం ముందు నిలబడి గొంతు లేకుండా ఈ మూడూ పలకండి. పెదవులు ఒక్కలాగే కదులుతాయి. అందుకే కళ్లకి చెవి తోడు కావాలి, చెవికి కళ్లు తోడు కావాలి. కిటికీకి వీపు పెట్టి మాట్లాడితే మీ ముఖం నీడలో ఉంటుంది. వెలుగు మీ ముఖం మీద పడేలా నిలబడండి. నోట్లో కిళ్లీ పెట్టుకుని, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని మాట్లాడకండి.

మూడోది, ముందు పేరు పెట్టి పిలవండి. ఆయన మీ వైపు తిరిగాక విషయం ఎత్తండి. ఏ విషయం గురించో కూడా ముందే చెప్పండి. “నాన్నగారూ, కరెంటు బిల్లు సంగతి” అని మొదలుపెడితే, ఆ తర్వాత జారిపోయిన అక్షరాలని ఆయనే పూరించుకుంటారు. విషయం తెలియకపోతే ఏ అక్షరం పోయిందో ఊహించడం కష్టం.

నాలుగోది, పక్క చప్పుడు ఆపండి. మిక్సీ తిరుగుతుండగా, టీవీలో సీరియల్ నడుస్తుండగా పెళ్లి మాటలు మాట్లాడకండి. చెవి మిషన్ పెట్టుకున్నవాళ్లకి కూడా ఇది వర్తిస్తుంది. మిషన్ మీ మాటతో పాటు మిక్సీ మోతని కూడా ఎంతో కొంత పెంచుతుంది.

చివరిది, మళ్లీ చెప్పవలసి వస్తే మాట మార్చి చెప్పండి. “సంచి” అందలేదా? “కూరగాయలు తెచ్చే బ్యాగు” అనండి. అదే మాటని అయిదుసార్లు అరిచే కన్నా ఇంకో మాటలో ఒక్కసారి చెప్పడం నయం. దేవుడి మీద ఒట్టు, “ఏం లేదులే” అని మాత్రం అనకండి.

ఇక పని చేసే చోట సంగతి. వినికిడి తగ్గుతోందని తెలిస్తే ఉద్యోగం పోతుందేమో, ప్రమోషన్ ఆగిపోతుందేమో అని చాలామంది దాస్తారు. దాచినందువల్ల ఏమవుతుంది? సరిగ్గా వినబడక చేసిన పొరపాటు, అశ్రద్ధ వల్ల చేసిన పొరపాటులా కనిపిస్తుంది. పలకరిస్తే పలకలేదు కాబట్టి పొగరు అనుకుంటారు. చెవి బాగా లేదని తెలియడం కన్నా అది చెడ్డ పేరు.

చెప్పండి. కానీ, “నాకు చెవుడు” అని ఊరుకుంటే ఎదుటివాళ్లకి ఏం చెయ్యాలో తెలియదు. ఏం కావాలో చెప్పండి. “నా కుడి చెవి నయం, అటు వైపు కూర్చోండి” అనండి. “మీటింగులో ఏం మాట్లాడతారో ముందు రోజే వాట్సాప్‌లో పెట్టండి” అనండి. “ఒకరి తర్వాత ఒకరు మాట్లాడితే నాకు అందుతుంది” అనండి. ఇవేవీ ఖర్చుతో కూడిన కోరికలు కావు. నిజానికి వీటివల్ల ఆ మీటింగు అందరికీ బాగుపడుతుంది.

కూర్చునే చోటు కూడా ముఖ్యం. గోడకి వీపు ఆనించి, తలుపు కనబడేలా కూర్చుంటే, వచ్చేవాళ్లు ముందే కనిపిస్తారు. వెనక నుంచి ఎవరో పిలిచారేమో అన్న బెంగ ఉండదు. బడిలో పాఠం చెప్పే మాస్టారైతే, ప్రశ్న అడిగే పిల్లవాడిని లేచి నిలబడమనాలి. వాడి దగ్గరికి నడిచి వెళ్లాలి. వాడు అడిగిన ప్రశ్నని తిరిగి చెప్పాలి. “బాష్పీభవనం గురించి అడిగావు, ఏ పాఠంలోది?” అనాలి. మళ్లీ అదే. విన్నది చెప్పడం, విననిది అడగడం. పైగా వెనక బెంచీ పిల్లలకి కూడా ఆ ప్రశ్న వినబడుతుంది.

ఇంకో సంగతి. సాయంత్రానికి తల బరువెక్కుతుంది. రోజంతా జారిపోయిన అక్షరాలని ఊహతో పూరించుకుంటూ ఉండటం మెదడుకి పెద్ద పని. అందుకే ముఖ్యమైన మాటలు పొద్దుటి పూట పెట్టుకోండి. మధ్యలో పది నిమిషాలు ఎవరితోనూ మాట్లాడకుండా కూర్చోండి. అది బద్ధకం కాదు.

చట్టం కూడా మన వైపే ఉంది. 2016లో వచ్చిన దివ్యాంగుల హక్కుల చట్టం గురించి ప్రభుత్వోద్యోగులు తెలుసుకోవాలి. సర్వీసులో ఉండగా వైకల్యం వస్తే ఆ ఉద్యోగిని తీసెయ్యకూడదు. హోదా తగ్గించకూడదు. ఆ పని చెయ్యలేకపోతే అదే జీతంతో ఇంకో పోస్టుకి మార్చాలి. అదే చట్టం ప్రకారం, మాట వినే స్థాయిలో రెండు చెవుల్లోనూ 60 నుంచి 70 డెసిబెల్స్ లోపం ఉంటే వినికిడి తక్కువ ఉన్నవాళ్లు అంటారు. 70 దాటితే బధిరులు అంటారు. వైకల్యం కనీసం 40 శాతం ఉన్నట్టు సర్టిఫికెట్ ఉంటే, ప్రభుత్వోద్యోగాల్లో ఈ ఇద్దరికీ కలిపి ఒక శాతం రిజర్వేషన్ ఉంది.

చెవి లేకపోతే పెద్ద పనులు చెయ్యలేమా అంటారా? 2023 సెప్టెంబరులో సారా సన్నీ అనే యువ న్యాయవాది సుప్రీంకోర్టులో కేసు వాదించింది. ఆమె బధిరురాలు. సంజ్ఞా భాషలో చెప్పేవారి సాయంతో ప్రధాన న్యాయమూర్తి ముందు వాదించింది. ఇంటర్నెట్ నడవడానికి ఆధారమైన నియమాలని రాసిన ఇద్దరిలో ఒకరైన వింటన్ సెర్ఫ్ కుర్రతనం నుంచీ చెవి మిషన్లు పెట్టుకుంటున్నారు. వీళ్లు ఊ కొట్టి నెట్టుకురాలేదు. తమకేం కావాలో అడిగి పనులు చేసుకున్నారు. పుట్టుకతో వినబడనివాళ్లలో చాలామందికి సంజ్ఞా భాష సొంత భాష. దాని గురించి విడిగా ఒక ప్రసంగమే కావాలి.

ఇప్పుడు వైద్యం గురించి క్లుప్తంగా. అనుమానం రాగానే చెవి, ముక్కు, గొంతు డాక్టరుకి చూపించుకోండి. ఒక్కోసారి లోపల గుబిలి గడ్డకట్టి ఉంటుంది. అది తీసేస్తే సరిపోతుంది. ఇంట్లో పిన్నీసులు, అగ్గిపుల్లలు పెట్టి గెలకకండి. కాచిన నూనె పొయ్యకండి. నిద్ర లేచేసరికి ఒక చెవి ఉన్నట్టుండి వినబడటం మానేస్తే మాత్రం ఒక్క రోజు కూడా ఆగకండి. జలుబు చేసిందిలే అనుకోకండి. అది అత్యవసరం. మొదటి రెండు మూడు రోజుల్లో వైద్యం మొదలైతే వినికిడి తిరిగి వచ్చే అవకాశం ఎక్కువ.

హైదరాబాదు కోఠిలోనూ, విశాఖపట్నంలోనూ ప్రభుత్వ చెవి, ముక్కు, గొంతు ఆసుపత్రులున్నాయి. సికింద్రాబాదు మనోవికాస్ నగర్‌లో అలీ యావర్ జంగ్ జాతీయ సంస్థ ప్రాంతీయ కేంద్రం ఉంది. వాక్కు, వినికిడి లోపాల కోసమే పెట్టిన సంస్థ అది. ఉస్మానియా విశ్వవిద్యాలయానికి వైస్ ఛాన్సలరుగా పనిచేసిన అలీ యావర్ జంగ్ పేరు దానికి పెట్టారు. అలాంటి చోట వినికిడి పరీక్ష చేస్తారు. ఏ స్థాయి శబ్దం ఎంత వినబడుతోందో గీత గీసి ఇస్తారు. ఆ కాగితం జాగ్రత్తగా దాచుకోండి. ఆ గీతని బట్టే చెవి మిషన్ సరిచేస్తారు. ఆ పరీక్ష లేకుండా బజారులో కొన్న మిషన్ ఎవరి చెవికీ సరిగ్గా కుదరదు.

మిషన్ పెట్టుకున్న మొదటి రోజు చాలామంది తీసి పెట్టెలో పడేస్తారు. గిన్నెల చప్పుడు, చీపురు చప్పుడు, మనం నమిలే చప్పుడు, అన్నీ ఒక్కసారిగా మీద పడతాయి. మెదడు ఆ చప్పుళ్లు మరిచిపోయి చాలా కాలమైంది. వాటికి మళ్లీ అలవాటు పడటానికి వారాలు పడుతుంది. మొదట ఇంట్లో, నిశ్శబ్దంగా ఉన్న గదిలో, ఒక మనిషితో మాట్లాడండి. రోజూ కొంచెం సేపు పెంచుకుంటూ వెళ్లండి. పెళ్లి పందిరికి మొదటి రోజే వెళ్లకండి. స్నానానికి ముందు తీసెయ్యండి. వానాకాలంలో తేమ తగలకుండా డబ్బాలో పెట్టండి. చిన్న బటన్ బ్యాటరీలని పసిపిల్లలకి అందనివ్వకండి. మింగితే ప్రాణం మీదికి వస్తుంది.

మిషన్ ఉన్నా లేకపోయినా ఇప్పుడు మీ ఫోను కూడా సాయం చేస్తుంది. గూగుల్ వాళ్ల లైవ్ ట్రాన్స్‌క్రైబ్ అనే ఆప్ ఉంది. ఎదుటివాళ్లు మాట్లాడుతుంటే ఆ మాటలని తెర మీద అక్షరాల్లో చూపిస్తుంది. తెలుగులో కూడా పనిచేస్తుంది. పేర్లు, అంకెలు తప్పు రాయవచ్చు. అందుకని అక్కడా మన పద్ధతే. తెర మీద చదివింది తిరిగి చెప్పండి, అనుమానం వచ్చింది అడగండి.

వినికిడి లోపాన్ని పట్టించుకోకపోతే ఏమవుతుంది? మనిషి నలుగురిలోకి రావడం మానేస్తాడు. మాట లేక, మనిషి తోడు లేక మనసు కుంగుతుంది. మతిమరుపు జబ్బుకి దారితీసే కారణాల్లో, మనం సరిదిద్దుకోగలిగిన వాటిలో వినికిడి లోపం ఒకటని లాన్సెట్ వైద్య పత్రిక నియమించిన నిపుణుల సంఘం 2017లో చెప్పింది. 2020లోనూ, 2024లోనూ మళ్లీ అదే చెప్పింది. కాబట్టి ఇది చెవి ఒక్కదాని సంగతి కాదు.

శ్రోతలారా, ఇంత చెప్పాక మీకు ఒక విన్నపం. చెవి సరిగా లేనివాళ్లు రేపటి నుంచి ఒక్క రోజు, ఒకే ఒక్క రోజు, అర్థంకాని మాటకి ఊ కొట్టకుండా ఉండండి. విన్నది చెప్పండి, విననిది అడగండి. చెవులు బాగున్నవాళ్లు ఆ ఒక్క రోజు, “ఏం లేదులే” అన్న మాట నోట రానివ్వకండి. దగ్గరికి వచ్చి, ఎదురుగా నిలబడి, మాట మార్చి చెప్పండి. ఆ రోజు బాగా గడిస్తే మర్నాడు కూడా అలాగే చెయ్యండి. వినికిడి పరీక్షని మాత్రం రేపటికి, ఎల్లుండికి వాయిదా వెయ్యకండి. మీ ఇంట్లో ఎవరికి అవసరమో మీకు తెలుసు. ఈ వారంలోనే వాళ్లని తీసుకెళ్లండి.